కోర్టు కాగితం వస్తే పెట్టెలో పెట్టకండి

(మొన్న ఆదివారం సోనాపూర్ క్యాంపులో మన సంఘం మీటింగ్‌లో మాట్లాడిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయినోళ్ల కోసం రాసి పెడుతున్నం.)



నేను వకీలును కాదు. పదో తరగతి చదివి షట్టరింగ్ పనికి వచ్చి, ఇప్పుడు సైట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నోణ్ణి. ఇయ్యాల చెప్పేది విడాకులు, మనోవర్తి, పిల్లల కేసుల గురించి. ఇది మనం పదిమందిలో మాట్లాడుకోని ముచ్చట. జీతం ఆలస్యమైతే అందరం కలిసి మాట్లాడుతం. ఇంట్లో లొల్లి అయితే మాత్రం దుప్పటి కప్పుకొని పడుకుంటం. నేనూ అట్లనే పడుకున్న. ఎంత నష్టపోయిన్నో నాకు తెలుసు, అందుకే చెప్తున్న.

2013లో మా ఊరికి కోర్టు నుంచి ఒక కవరు వచ్చింది. నా భార్య పాపను తీసుకొని పుట్టింటికి పోయి అప్పటికి ఏడాది దాటింది. మనోవర్తి కేసు వేసింది. మా తమ్ముడు సంతకం పెట్టి కవరు తీసుకున్నడు, మా అమ్మ దాన్ని బట్టల పెట్టెలో పెట్టింది. తమ్ముడు ఫోన్ చేసి చెప్తే నేను, "సెలవు మీద వచ్చినప్పుడు చూద్దాం తియ్" అన్న. నేను దేశంలోనే లేను కదా, కేసు ఎట్ల నడుస్తది అనుకున్న.

నడిచింది. పదకొండు నెలల తర్వాత ఇంటికి పోయేసరికి నా మాట వినకుండానే ఆర్డర్ అయిపోయింది. దీన్నే ఎక్స్‌పార్టీ అంటరు. కేసు వేసిన రోజు నుంచి నెలనెలా లెక్కగట్టిన బాకీ నా నెత్తి మీద ఉంది. కట్టకపోతే వారెంటు. నలభై రోజుల సెలవు, ముప్పై రోజులు కోర్టు చుట్టే.

కాబట్టి మొదటి మాట ఇది. మీరు ఇక్కడున్నరని కేసు ఆగదు. ఇంట్లో పెద్దవాళ్లు సంతకం పెట్టి సమన్లు తీసుకుంటే మీకు అందినట్టే కోర్టు లెక్క వేయొచ్చు. ఇంటోళ్లకు ఇయ్యాలనే ఫోన్ చేసి చెప్పండి: కోర్టు కాగితం ఏది వచ్చినా అన్ని పేజీలు, కవరు మీద తారీఖుతో సహా, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలని. అందులో మూడు చూడండి: ఏ కోర్టు, ఏ కేసు, ఎప్పుడు వాయిదా.

ఒకవేళ ఎక్స్‌పార్టీ విడాకుల డిక్రీ అయిపోయినా తలుపులు మూసుకుపోలేదు. దాన్ని పక్కన పెట్టమని అడగొచ్చు. దానికి గడువు డిక్రీ రోజు నుంచి 30 రోజులు. సమన్లు సరిగ్గా అందకుంటే మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. అందుకే తెలిసిన రోజే వకీలుకు ఫోన్ చేయాలి, సెలవు దొరికిన రోజు కాదు.

ఇప్పుడు వకీలు సంగతి. నాకు ఆ కంగారులో మొదట దొరికింది వకీలు కాదు. కోర్టు ముందర టీ హోటల్ కాడ కూర్చునే ఒక మనిషి. "అంతా నేను మాట్లాడుత" అని నలభై వేలు తీసుకున్నడు. రసీదు లేదు, ఫైలు కదలలేదు. ఆ తర్వాత మా మేనమామ ఒక వకీలమ్మ దగ్గరికి తీసుకుపోయిండు. ఆమె అన్నీ విని ఒకటే అడిగింది: "ఇంటికి పైసలు పంపినట్టు రుజువు ఏది?"

నేను పంపని నెల లేదు. కానీ తమ్ముడి ఖాతాకు పంపేవాణ్ణి, లేకుంటే ఊరికి పోయేటోళ్ల చేతికి ఇచ్చేవాణ్ణి. నా భార్యకు ఎంత అందిందో నాకే తెల్వదు. అడిగితే తెలిసింది, సగం నెలలు ఆమెకు ఏమీ అందలేదు. అంటే ఆమె కోర్టుకు పోయిందని నేను తిట్టిన తిట్లన్నీ తప్పే. వకీలమ్మ ఆ రోజు ఆ మాట మొహం మీదనే చెప్పింది. మంచి వకీలు మనకు నచ్చే మాటలు చెప్పడు, నిజం చెప్తడు.

వకీలును పెట్టుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

1. బార్ కౌన్సిల్‌లో నమోదైన వకీలేనా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి. అడిగితే తప్పేం లేదు.

2. ఫీజు ఎంత, ఏ పనికి, ఎన్ని విడతలు అనేది ముందే మాట్లాడుకోండి. బ్యాంకు ద్వారా పంపండి, రసీదు తీసుకోండి.

3. వకాలత్ మీద సంతకం పెట్టే ముందు చదివించుకోండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టకండి.

4. కేసుకు 16 అక్షరాలు, అంకెలు ఉండే సీఎన్ఆర్ నంబరు ఉంటది. అది తీసుకొని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే మీ కేసు ఎక్కడుందో, వచ్చే వాయిదా ఎప్పుడో ఇక్కడ మంచం మీద కూర్చొనే చూడొచ్చు. యాప్ ఉచితం.

వకీలుకు పైసలు లేవంటే జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తరు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. ఇండియాలో ఇంటోళ్లు 15100కు ఫోన్ చేయొచ్చు. ఇక్కడ ఇండ్లల్ల పని చేసే అక్కలు ఇది గుర్తు పెట్టుకోండి. భర్త నుంచి ఇబ్బంది ఉంటే చట్టం మీ కోసం కూడా ఉంది.

మీరు పోలేకపోతే ఊరిలో నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అన్నిటికీ పనికొచ్చే జనరల్ పవర్ వద్దు, దాంతో భూమి కూడా పోతది. ఆ ఒక్క కేసుకే స్పెషల్ పవర్ రాయించండి. ఇండియన్ కాన్సులేట్ ద్వారా అటెస్టేషన్ చేయించాలి, దానికి ఒరిజినల్ పాస్‌పోర్టు కావాలి. కంపెనీ దగ్గర ఉంటే మందూబ్‌ను ముందే అడిగి పెట్టుకోండి. ఆ కాగితం ఇండియాకు చేరినంక మూడు నెలల లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ఇంకొకటి, పవర్ తీసుకున్నోడు కాగితాలు నడపగలడు కానీ మీకు మాత్రమే తెలిసిన సంగతికి మీ బదులు సాక్ష్యం చెప్పలేడు. మీ సాక్ష్యం వీడియోలో తీసుకుంటరా, రావాల్సిందేనా అని వకీలుతో ముందే అడిగించండి. సెలవు దానికి సరిపెట్టుకోవచ్చు.

విడాకులకు హిందువులకు దారులు రెండు. ఒకటి ఇద్దరూ ఒప్పుకొని వేసేది, 1955 హిందూ వివాహ చట్టంలో 13-బి. ఏడాది విడిగా ఉండాలి. దుబాయ్‌కి పనికి వచ్చినంత మాత్రాన విడిగా ఉన్నట్టు కాదు, భార్యాభర్తలుగా బతకడం ఆగిపోవాలి. కేసు వేసినంక ఆరు నెలలు ఆగాలి. తగిన కారణం ఉంటే కోర్టు ఆ ఆరు నెలలు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది ఒకరే వేసేది. దానికి క్రూరత్వం, రెండేండ్లు వదిలేసి పోవడం లాంటి కారణాలు సాక్ష్యంతో రుజువు చేయాలి, ఏండ్లు పట్టొచ్చు. "ఫోన్ ఎత్తట్లేదు" అనేది కారణం కాదు.

పెద్దమనుషుల ముందు బాండ్ పేపర్ రాసుకుంటే విడాకులు అయిపోయినట్టే అనుకుంటరు మనోళ్లు. మీ కులంలో ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప ఆ కాగితం చెల్లదు. దాన్ని నమ్ముకొని రెండో పెళ్లి చేసుకుంటే అది నేరం అయితది. ముస్లిం అన్నలకు కూడా ఒక మాట. ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో మూడుసార్లు తలాక్ చెప్తే 2019 చట్టం ప్రకారం అది చెల్లదు, పైగా మూడేండ్ల దాకా జైలు. క్రైస్తవులకు వేరే చట్టం ఉంది, వకీలును అడగండి.

"ఇక్కడి కోర్టులోనే తీసుకుంటే అయిపోదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగిండు. ముస్లింలు కానివాళ్లకు ఈ దేశంలో 2023 ఫిబ్రవరి నుంచి వేరే చట్టం ఉంది, విడాకులు తొందరగానే అయితయి. కానీ తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట కేసులో 1991లో సుప్రీంకోర్టు అమెరికా విడాకులను ఒప్పుకోలేదు. మన చట్టంలో లేని కారణం మీద, రెండో మనిషి ఆ కోర్టుకు ఒప్పుకోకుండా తెచ్చుకున్న డిక్రీ మన దగ్గర నిలబడదు. తొందరపడి పైసలు పోగొట్టుకోకండి.

మనోవర్తి విడాకుల కంటే వేరే కేసు. ముందు 125 సెక్షన్ అనేవాళ్లు, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 144. 2020 నుంచి ఇద్దరూ ఆదాయం, ఆస్తులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాల్సిందే. జీతం దాచకండి, అదే సమయంలో ఓవర్‌టైమ్ ఎప్పుడూ ఉండదని, క్యాంపు ఖర్చు, అప్పు వడ్డీ కూడా రాయండి. పని పోతే ఊకె ఆపేయకండి, బాకీ పెరుగుతనే ఉంటది. తగ్గించమని కోర్టును అడగండి. పైసలు భార్య ఖాతాకే పంపండి, ఎక్స్చేంజ్ రసీదు ఫొటో తీసి పెట్టుకోండి. పోలీసు కేసు కూడా ఉంటే టికెట్ తీసుకునే ముందే వకీలుతో మాట్లాడండి, ఎయిర్‌పోర్టులో తెలుసుకోవద్దు.

నా సంగతి ఎట్ల తేలిందంటే, వకీలమ్మ బాకీలో కొంత కట్టించి, కేసు మళ్లీ విచారణకు తెప్పించింది. మధ్యవర్తిత్వంలో ఇద్దరం కూర్చున్నం. కలిసి బతకలేమని ఇద్దరికీ అర్థమైంది, ఒప్పుకొని విడిపోయినం. పాప తల్లి దగ్గర. వారానికి రెండుసార్లు ఫోన్, సెలవు మీద పోతే నా దగ్గర ఉండుడు. ఇవన్నీ ఆర్డర్‌లో రాయించింది ఆమె. నేనైతే పైసల గురించే ఆలోచించేవాణ్ణి, పాప ఫోన్ సంగతి అడగాలని తోచేది కాదు. పిల్లలున్నోళ్లు ఇది మర్చిపోకండి, నోటి మాట వద్దు, రాయించండి.

మా పాప ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. నిన్న కూడా మాట్లాడింది. కానీ అంతకు ముందు రెండేండ్లకు పైగా నేను దాని గొంతు వినలేదు. బాకీ తీర్చిన, ఆ రెండేండ్లు మాత్రం ఎవరూ తెచ్చి ఇయ్యలేదు.

మీలో ఎవరికైనా కాగితం వచ్చి ఉంటే సిగ్గుపడకండి. సంఘం నంబరుకు రాయండి, లేదా రాత్రి డ్యూటీ అయినంక నా రూముకు రండి. చాయ్ తాగుతూ కాగితం చదువుదాం. వకీలు చేసే పని వకీలే చేయాలి, కానీ ఆ తలుపు దాకా మీతో నేను నడుస్త.

ఉంట మరి. జాగ్రత్త.