బిడ్డలకు పుస్తక బహుమానము



మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు పోయినవారు బిడ్డలకు బూరయో, బొమ్మయో, పంచదార చిలకయో కొనితెచ్చుట మన పలనాటి వాడుక. పుస్తకము కొనితెచ్చువారు అరుదు. ఏ యీడు బిడ్డకు ఏ పుస్తకము తగునో విచారించి తెచ్చువారు మఱియు నరుదు. 35 ఏండ్లు బడిపంతులుగా నుండిన నేనును ఈ విషయమున పొరబడినవాడనే. ఆ పొరబాటునే మొదట విన్నవించెదను.

మా తమ్ముని కుమారునకు ఎనిమిదవయేట ఉపనయనమైనది. బంధువులు బట్టలును వెండిగిన్నెలును ఇచ్చిరి. నేను చిన్నయసూరి నీతిచంద్రికకు మంచి అట్ట వేయించి, మొదటి పుటపై ఆశీర్వచనము వ్రాసి, అందఱి యెదుట వాని చేతికిచ్చితిని. పెద్దలు మెచ్చుకొనిరి. నాకును సంతోషమైనది.

ఇరువదియేండ్ల పిమ్మట వారి యిల్లు మరమ్మతు చేయుచుండగా, అటకమీది పెట్టెలో ఆ పుస్తకము బయటపడినది. చెదలు అట్టను తినినవి. లోపలి పుటలు తిప్పిన జాడయే లేదు. నేను వాని మొగము చూచితిని. “పెదనాన్నగారూ, రెండు పంక్తులు చదివితిని, ఏమియు తెలియలేదు. ‘చదివితివా’ యని మీరడుగుదురని భయపడి, వేసవి సెలవులకు మీ యింటికి వచ్చుట మానితిని” అని వాడు మెల్లగా చెప్పెను.

ఆ వేసవులు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఆటలమీది ధ్యాసచే రాలేదు కాబోలు ననుకొంటిని. 1853లో వెలువడిన నాటనుండి నీతిచంద్రిక ఎందఱకో వచనరచనకు ఒరవడియైనది. దోషము గ్రంథమునది కాదు, నాది. బిడ్డను సత్కరించితి ననుకొని, నా పాండిత్యమును నేనే సత్కరించుకొంటిని.

కావున ఈడునుబట్టి యోచింపుడు. మూడు మొదలు అయిదేండ్ల బిడ్డ పుస్తకమును కంటితోను చేతితోను చదువును. దళసరి పుటలు, ఆవు, కోడి, ఎడ్లబండి మొదలగు తెలిసినవాని పెద్దబొమ్మలు చాలును. చింపినచో కోపింపరాదు. పుస్తకముతోబాటు మీ యొడిని కూడ ఈయవలయును.

ఆఱు మొదలు ఎనిమిదేండ్లవారు అక్షరములు కూడబలుకుకొనువారు. వారికి పెద్దయక్షరములతో, పుటకు నాలుగైదు పంక్తులతో, ఒక పూటలో ముగియు కథ తగును. సుమతి, వేమన శతకముల పద్యములు నోటికి వచ్చుట కిదియే యదను. కొనుటకు ముందు ఒక పుట చదివించి చూడుడు. అడుగడుగున తడబడినచో ఆ పుస్తకమునకు ఇంకను రెండేండ్లు ఆగుడు.

తొమ్మిది మొదలు పండ్రెండేండ్లవారికి సాహసమును నవ్వును కావలయును. పంచతంత్రము, తెనాలి రామకృష్ణుని కథలు మంచివి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసున ప్రారంభించిన చందమామ ఇప్పుడు వెలువడుట లేదు. మీ యటకపై పాత సంచికలున్నచో దుమ్ము దులిపి, కలిపి కుట్టించి యిండు. పలనాటి వీరుల కథను సులభవచనమున చదివించి, పిమ్మట కారెంపూడి వీరులగుడికి తీసికొనిపొండు. బాలచంద్రుడు తన నేలవాడే యని తెలిసిన బిడ్డ ఆ పుస్తకమును మరల తెఱచును.

పదుమూడేండ్లు దాటినవారికి మీరు ఎంపిక చేయకుడు. నరసరావుపేటలోని పుస్తకాల అంగడికి వెంటబెట్టుకొని పోయి, కోరినది తీసికొననిండు. అది మీకు నచ్చకున్నను మొగము చిట్లింపకుడు. ఆడుబిడ్డకు గాజులు, మగబిడ్డకు పుస్తకము అను భేదము ఏ యీడునను వలదు.

తుదిమాట. పుస్తకమిచ్చిన పిదప “చదివితివా” యని అడుగకుడు. “నాకు చదివి వినిపింతువా” యని అడుగుడు. నేను ఈ మాట నేర్చుకొనుటకు ఇరువదియేండ్లు పట్టినది.

మా తమ్ముని కుమారునకు ఇప్పుడు నాలుగేండ్ల కూతురున్నది. మొన్న సంక్రాంతికి ఆ చిట్టితల్లికి కోడిపిల్లల బొమ్మలపుస్తకమిచ్చితిని. అందు ఆశీర్వచనము వ్రాయలేదు. ఆ రాత్రి నా యొడిలో కూర్చుండి ఆఱుమార్లు చదివించుకొన్నది. తెల్లవాఱి నేను బయలుదేరుచుండగా, “తాతయ్యా, మరల ఎప్పుడు వస్తావు?” అని అడిగినది. ప్రక్కన నిలిచియున్న దాని తండ్రి, “వేసవికి మేమే వచ్చెదము” అనెను.