ఆపరేషన్ బల్ల మీద తెలుగు

ఈవారం కాస్త బరువైన సంగతి.

మావారికి ఎడమ కణత లోపల కణితి ఉందని తేలినప్పుడు నేను డాక్టరుగారిని అడిగింది ఒక్కటే, ప్రాణానికేం భయం లేదు కదా అని. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఆయన అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు.

కుడిచేతి వాటం వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా మాటల యంత్రాంగం మెదడులో ఎడమవైపే ఉంటుంది. అక్కడ కణితి తియ్యాలంటే చాలాచోట్ల రోగిని మధ్యలో మెలకువలోకి తెస్తారు. వింటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, మెదడుకి నొప్పి తెలియదు. సన్నగా కరెంటు తగిలిస్తూ బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు. ఎక్కడ తగిలిస్తే మాట ఆగిపోతుందో, వీలైనంతవరకు అక్కడ కత్తి పెట్టరు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే డాక్టరు 1930లలోనే ఈ పద్ధతిని బాగా వాడారు. 1978లో ఓజెమన్, విటేకర్ అనే ఇద్దరు రెండు భాషలు వచ్చినవాళ్ళని ఇలాగే పరీక్షించారు. కొన్నిచోట్ల రెండు భాషలూ తడబడ్డాయి, కొన్నిచోట్ల ఒక్కటే!

మావారిని అడిగిన బొమ్మలన్నీ ఇంగ్లీషులోనే. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, జరిగింది కూడా. ఇంటికొచ్చాక స్పూన్ అనేవారు, గరిటె అనలేకపోయేవారు. ఇండియా నుంచి అత్తయ్యగారు ఫోన్ చేస్తే "అమ్మా" అని, ఆ తర్వాత మాట దొరక్క ఫోన్ నా చేతికిచ్చేసేవారు. ఆవిడేమో కొడుక్కి కోపమొచ్చిందనుకున్నారు.

తప్పంతా కత్తిదే అనలేను. కణితే మాటని, జ్ఞాపకాన్ని, చురుకుదనాన్ని నొక్కేస్తుంది. నుదుటి వెనక భాగంలో పెరిగితే మనిషి స్వభావమే మారచ్చు, మనం బద్ధకం అని విసుక్కుంటాం. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గేకొద్దీ కొంత తిరిగొస్తుంది. కొందరికి మునుపటికన్నా మెరుగవుతుంది కూడా.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే, ఏయే భాషలు వచ్చో ముందే చెప్పండి. జ్ఞాపకశక్తి, మాట పరీక్షలు ఆపరేషన్‌కి ముందూ వెనకా చేయిస్తారా, తెలుగులో కూడా చేస్తారా అని అడగండి. అమెరికాలో ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి, మొహమాటపడకండి.

మొన్న మావారు వంటింటి గుమ్మంలో నిలబడి "పోపు మాడుతోంది" అన్నారు. పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయి ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. శలవు.