నిమ్మచెట్ల గజ్జి తెగులు – దాని నివారణోపాయములు
(ఉపన్యాస పాఠము)



నిమ్మకాయలు సంతకు వచ్చినప్పుడు వర్తకుడు మొదట చూచునది కాయ తొక్కనే. లోని రసము చెడకున్నను, తొక్కపై గరుకైన గోధుమవర్ణపు పొక్కులున్న కాయను వేరుగా నెట్టివేయును. సంవత్సరమంతయు నీరు కట్టి, ఎరువు వేసి, కావలి కాచిన రైతు శ్రమలో కొంత భాగము ఆ వేరు చేసిన రాశిలోనే పోవుచున్నది.

ఈ పొక్కులనే గజ్జి తెగులందురు. ఇది బూజు వలన వచ్చునది కాదు. కంటికి కానరాని బాక్టీరియా వలన వచ్చునది. ఈ సంగతిని 1915లో అమెరికాలో క్లారా హాస్ అను శాస్త్రజ్ఞురాలు నిరూపించెను. ఆకునకు రెండు వైపులను ఉబ్బిన మచ్చ, దాని చుట్టును పసుపుపచ్చని వలయము ఉన్నచో అది గజ్జియే. కొమ్మలకును, ముండ్లకును కూడ ఇది పట్టును. బత్తాయి కంటె నిమ్మ దీనికి త్వరగా లొంగును.

తెగులు వ్యాపించు విధమును గ్రహించినగాని చికిత్స ఫలింపదు. ఎండాకాలమున బాక్టీరియా ఎండుకొమ్మల పొక్కులలో దాగియుండును. వాన పడగానే పొక్కు తడిసి, అందుండి వెలువడి, గాలివానతో లేత ఇగురుపై పడును. ముల్లు గీసిన గాయమైనను, ఆకుముడత పురుగు తొలిచిన సొరంగమైనను దానికి ద్వారమే. గాలివాన బలమెట్టిదో ఫ్లోరిడా వారెరుగుదురు. 1995లో అచ్చట మరల కనబడిన ఈ తెగులును నిర్మూలించుటకై లక్షలాది చెట్లను కొట్టివేసిరి. 2004, 2005 సంవత్సరముల తుపానులు తెగులును దూరదూరముల చల్లగా, 2006లో ఆ యత్నమునే విడిచిపెట్టిరి.

కావున తొలకరికి ముందే, చెట్లు పొడిగా నున్నప్పుడు, గజ్జి పట్టిన కొమ్మలను కత్తిరించి తోట బయట కాల్చవలెను. కాయలున్న కొమ్మను కోయుటకు రైతునకు మనసొప్పదు. కాని ఆ ఒక్క కొమ్మను నిలుపుకొన్నచో చెట్టంతయు దానికి ఋణపడును. కత్తిరించిన వెంటనే 1 శాతము బోర్డో మిశ్రమమును చల్లి, వానకాలమున కొత్త ఇగురు వచ్చినప్పుడెల్ల మరల చల్లవలెను. ఈ మందు పుట్టిన మచ్చను మాన్పదు; పుట్టబోవు మచ్చను ఆపును. ఇగురు ముదిరిన పిమ్మట చల్లినవాడు మందును, కూలిని రెంటిని పోగొట్టుకొనును.

1 కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటను, 1 కిలో రాతిసున్నమును వేరొక 50 లీటర్ల నీటను కరగించి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలుపవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. శుభ్రమైన కత్తిని ముంచి తీసినప్పుడు ఎర్రని రాగిపూత పట్టినచో ఇంకను సున్నము చేర్చవలెను. చేసిన దినముననే చల్లవలెను.

మనుష్య వైద్యమునకు వలయు స్ట్రెప్టోమైసిను వంటి మందులను చెట్లపై చల్లుట కొందరికి అలవాటు. అది మంచిది కాదు. అమెరికాలో బేరిచెట్లను కాల్చినట్లు మాడ్చు అగ్నితెగులు కూడ బాక్టీరియా వలన వచ్చునదే. కాలిఫోర్నియా బేరితోటలలో 1971 నాటికే ఆ బాక్టీరియా స్ట్రెప్టోమైసినుకు లొంగనిదయ్యెను. మన తోటలలోనూ అట్లు కాదనుటకు హేతువు లేదు.

గాలి వీచు దిక్కున సరుగుడు వరుస నాటుట, ఆకుముడత పురుగును అణచుట, చెట్లు తడిసియుండగా లోపల పని చేయకుండుట మేలు. నత్రజని ఎరువు మితిమీరినచో ఎడతెగక ఇగురు వచ్చి తెగులునకు మేత యగును.

కొత్తగా తోట వేయువారు తిరుపతి పరిశోధన స్థానమున వెలువడిన బాలాజీ రకమును విచారింపవచ్చును. అది గజ్జిని కొంత తట్టుకొనును. ఏ రకమైనను నారుమడిలో కొనునప్పుడు ప్రతి మొక్క ఆకులను తిరగవేసి చూచి, ఒక్క మచ్చయున్నను ఆ మొక్కను అచ్చటనే విడిచి రావలెను.