రెండు రెక్కల కవాటం – దమ్మున్న ఒంట్లో దాగిన లోపం

(యువజన సదస్సులో మన సంఘం ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

థింసా గురించి, భాష గురించి, భూమి గురించి మాట్లాడుకునే వేదిక మీద గుండె జబ్బు ఊసెందుకని కొందరు అడిగారు. ఎందుకో చెబుతాం. మన మన్యంలో పాతికేళ్ల కుర్రాడు కొండెక్కుతూ ఆగి ఆగి నడిస్తే రక్తం తక్కువంటాం, సికిల్ సెల్ అంటాం, చుట్ట మానలేదంటాం. గుండె అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అది పట్నంలో కూర్చుని తినేవాళ్ల జబ్బని మన నమ్మకం. కానీ పుట్టుకతో వచ్చే గుండె లోపాలకు కొండా పట్నమూ తేడా లేదు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది రెండు రెక్కల కవాటం. 100 మందిలో ఒకరికో ఇద్దరికో ఉంటుంది. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో ఎక్కువ.

గుండె ఎడమ గదిలోంచి మంచి రక్తం బృహద్ధమని అనే పెద్ద గొట్టంలోకి పోయేచోట ఒక తలుపు ఉంటుంది. దాన్నే కవాటం, వాల్వు అంటారు. మామూలుగా దానికి అర్ధచంద్రాకారంలో మూడు రెక్కలుంటాయి. కొందరికి తల్లి కడుపులో ఉండగానే రెండు రెక్కలు విడిపోకుండా కలిసిపోయి, రెండే మిగులుతాయి. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చినందుకు కాదు, ఎవరి దోషమూ కాదు.

రెండు రెక్కలతోనూ తలుపు పనిచేస్తుంది. అందుకే చిన్నప్పుడు ఏమీ తెలియదు. బిడ్డ ఆడుతుంది, చెట్లెక్కుతుంది, పరుగెడుతుంది. అయితే గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. మూడు రెక్కలు పంచుకోవాల్సిన ఒత్తిడిని రెండే మోస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి మందమై, సున్నం పేరుకుని బిరుసెక్కుతాయి. పెద్దవాళ్లలో 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సిన ద్వారం 1 కన్నా తగ్గిపోతే తీవ్రంగా ఇరుకైనట్టు. మూడు రెక్కలవాళ్లకు ముసలితనంలో వచ్చే ఈ బాధ వీళ్లకు పది ఇరవై ఏళ్లు ముందే వస్తుంది. ఆయాసం, నడిస్తే ఛాతీ నొప్పి, పరుగు మధ్యలో కళ్లు బైర్లు కమ్మి పడిపోవడం – కవాటం బాగా ఇరుకైనవాళ్లలో ఇవి మొదలయ్యాక ఆపరేషన్ లేకుండా ఎక్కువ ఏళ్లు గడవవు. కొందరికి తలుపు సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారుతుంది. కుర్రవాళ్లలో ఇది ఎక్కువ.

ఇక జ్వరం సంగతి. మనకు అన్నిటికన్నా ముఖ్యం ఇదేనని మా ఉద్దేశం. ఇలాంటి కవాటం మీద సూక్ష్మజీవులు సులువుగా గూడు కట్టుకుంటాయి. 1886లోనే విలియం ఆస్లర్ అనే వైద్యుడు ఈ సంగతి రాశాడు. పుచ్చిన పన్ను నుంచో, చీము పట్టిన గడ్డ నుంచో, శుభ్రం లేని సూదితో పొడిచిన పచ్చబొట్టు నుంచో అవి రక్తంలోకి చేరతాయి. అప్పుడు వచ్చే జ్వరం పెద్దగా మండదు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంది, చెమట పడుతుంది, ఆకలి పోతుంది, వారాలు గడుస్తాయి. మన్యంలో జ్వరమంటే మలేరియా, అది కాకపోతే టైఫాయిడ్. ఊళ్లో ఎవరో ఒకరు యాంటీబయాటిక్ ఇంజక్షన్ వేస్తారు. రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తుంది. ఈ లోగా కవాటం తినేసినట్టు పాడవుతుంది, ముక్క ఊడి మెదడుకు చేరితే కాలూ చెయ్యీ పడిపోతాయి. ముందు వేసిన మందు వల్ల తర్వాత పెద్దాసుపత్రిలో రక్తం కల్చర్ చేసినా క్రిమి దొరక్కపోవచ్చు. అందుకే కవాటంలో లోపం ఉందని తెలిసినవాళ్లు జ్వరం వారం దాటితే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. యాంటీబయాటిక్ వేయకముందే రక్తం తీయమనాలి. పళ్లు శుభ్రంగా ఉంచుకోవడమంటే ఇక్కడ అందం కోసం కాదు.

మరో ముప్పు బృహద్ధమనికి. ఈ లోపం ఉన్న చాలామందిలో ఆ గొట్టం గోడ కూడా బలహీనంగా ఉండి మెల్లగా ఉబ్బుతుంది. నొప్పి ఉండదు. అయిదు, అయిదున్నర సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్ మాట వస్తుంది. అది లోపల చీలితే ఛాతీలోనో, రెండు రెక్కల ఎముకల మధ్యనో గుడ్డ చింపినట్టు నొప్పి ఒక్కసారిగా వస్తుంది. అప్పుడు గంటలు కాదు, నిమిషాలు లెక్క. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకెళ్లే ఊళ్లకు ఆ సమయం ఎక్కడిది? కాబట్టి ఉబ్బు ఉన్నట్టు ముందే తెలియాలి. తెలిసినవాళ్లు ఊపిరి బిగబట్టి కాఫీ బస్తాలు ఎత్తకూడదు, బి.పి. పెరగనివ్వకూడదు, పొగ మానాలి. కవాటం బాగా పనిచేస్తూ గొట్టం మామూలుగా ఉన్నవాళ్లు మాత్రం థింసా ఆడొచ్చు, పరుగెత్తొచ్చు. భయపడి మంచం ఎక్కనక్కర్లేదు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కండలు మీరంతా చూసే ఉంటారు. ఆయన పుట్టింది రెండు రెక్కల కవాటంతోనే, 1997లో ఆపరేషన్ అయింది.

ఎలా తెలుస్తుంది? స్టెతస్కోప్ పెట్టి శ్రద్ధగా వింటే గుండె చప్పుళ్ల మధ్య అదనపు శబ్దం వినిపించవచ్చు. ఖాయం చేసేది ఎకో పరీక్ష. కోతా ఉండదు, సూదీ ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆశ్రమ పాఠశాలలకు వచ్చే వైద్య బృందాలు 18 ఏళ్ల లోపు పిల్లల్లో పుట్టుక గుండె జబ్బులను కూడా చూడాలి. తమ్ముడికో చెల్లికో "గుండెలో శబ్దం ఉంది" అని రాసిచ్చిన చీటీ ట్రంకుపెట్టె అడుగున పడేయకండి. ఇంట్లో ఒకరికి ఈ లోపం ఉంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. వాళ్లకూ ఒకసారి ఎకో తీయించాలి.

పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్లు పరుగెత్తాలని తెల్లవారుజామున సాధన చేసే తమ్ముళ్లకు ఒక మాట. శబ్దం ఉందని తెలిసినా ఉద్యోగం పోతుందని దాచేవాళ్లున్నారు. ఆ భయం మాకు అర్థమవుతుంది, మన పిల్లలకు ఉద్యోగం ఊరికే రాదు. కానీ ఇరుకు కవాటంతో పరుగు పెట్టి మైదానంలో కూలిపోతే ఆ ఇంటికి ఉద్యోగమూ ఉండదు, కొడుకూ ఉండడు. ముందు ఎకో తీయించండి. చాలామందికి పరుగుకు అడ్డం లేదనే వస్తుంది.

చెల్లెళ్ల విషయంలో ఇంకో చిక్కు. పెళ్లి కాదని ఇంట్లోవాళ్లు జబ్బును దాస్తారు. కవాటం బాగా ఇరుకైన అమ్మాయికి కాన్పు ప్రాణాల మీదికి రావచ్చు. కవాటం మార్చాల్సి వస్తే లోహపు కవాటం చాలా ఏళ్లు మన్నుతుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మింగాలి, తరచూ ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించాలి. ఆ మందు కడుపులో బిడ్డకు హాని చేయగలదు. జంతు కణజాలంతో చేసిన కవాటానికి సాధారణంగా ఆ మందు జీవితాంతం అక్కర్లేదు, కానీ వయసులో ఉన్నవాళ్లలో త్వరగా అరిగి మళ్లీ ఆపరేషన్ రావచ్చు. ఏది మేలో ఆపరేషన్ బల్ల ఎక్కకముందే అమ్మాయి స్వయంగా డాక్టరును అడగాలి. పరీక్షకు ఎంత దూరం పోవాలో, బస్సు ఉందో లేదో అది కూడా చెప్పాలి. మన కొండ సంగతి డాక్టరుకు మనం చెబితేనే తెలుస్తుంది.

ఖర్చు మాటకొస్తే, 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి కవాటం ఆపరేషన్లు పేదలకు అందులో జరుగుతున్నాయి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మన దేశంలోనే తిరువనంతపురం శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వును 1990 నుంచి వాడుతున్నారు.

భోజనాలయ్యాక ఈ పక్క పందిట్లో బి.పి. చూస్తాం. పాతికేళ్లకే బి.పి. ఎక్కువ వచ్చినవాళ్లను కాలికి కూడా పట్టీ కట్టి చూడమని ఆసుపత్రికి చీటీ రాసిస్తాం. చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ ఉంటే బృహద్ధమని ఇంకోచోట ఇరుకై ఉండొచ్చు, అది ఈ లోపంతో కలిసి వస్తుంటుంది. పాత ఎకో కాగితాలు, స్కూల్లో ఇచ్చిన చీటీలు ఉన్నవాళ్లు వెంట తెచ్చుకోండి. తేనివాళ్లు పేరు, ఊరు రాయించి వెళ్లండి.