పెర్కిన్ పటము, చిరివేరు మాట
(ఇండూరు తెలుగువారి సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



మన పఠనమందిరపు గోడకు తగిలింపవలెనని చట్రము గట్టిన పటమొకటి వచ్చియున్నది. 1906లో ఆర్థర్ కోప్ అను చిత్రకారుడు రచించిన చిత్రమునకు ఇది అచ్చుప్రతి. నెరసిన గడ్డముగల పెద్దమనిషి యొకరు చేత ఊదారంగు చిలప పట్టుకొని నిలిచియున్నారు. ఆయనయే సర్ విలియం హెన్రీ పెర్కిన్, ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు.

పటము విప్పగానే మన పెద్దలలో నొకరు, "మన అద్దకపువారి కూడు తీసినవాని బొమ్మకు మన గోడయా?" అని యడిగిరి. నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న గాదది. అందుచేతనే నేడు దీనినిగూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

పెర్కిన్ 1838లో లండనున జన్మించెను. 1856 ఈస్టరు సెలవులలో, 18 ఏండ్ల ప్రాయమున, ఇంటిలోని చిన్న ప్రయోగశాలలో చలిజ్వరపు మందైన క్వినైనును తయారుచేయ బూనెను. మందు రాలేదు, గాజుబుడ్డిలో నల్లని మడ్డి మిగిలెను. వేరొకరైనచో పారబోసి యుందురు. ఆయన దానిని సారాయిలో కరగించి చూడగా చక్కని ఊదారంగు తేలెను. పట్టునకు పట్టించిన ఆ రంగు ఉతికినను పోలేదు. మరుసటి యేడే ఆయన తండ్రితోను అన్నతోను గలసి కర్మాగారమునకు పునాది వేసెను. రాక్షసిబొగ్గు తారునుండి రంగులు తీయు పరిశ్రమకు అదియే నాంది.

ఇక మన సంగతి. బందరు కలంకారీ అద్దకములకు ఎఱుపు నిచ్చినది చిరివేరు. గుడ్డకు కరక్కాయ పట్టించి, పటిక అద్ది, చిరివేరు నీట కాచినచో పటిక తగిలినచోటనే ఎఱుపు నిలుచును. ఆ యెఱుపునకు మూలమైన ద్రవ్యమును రసాయనజ్ఞులు అలిజరిన్ అందురు. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను పండితులు దానిని తారుసరకునుండి చేసిరి. 1869 జూనులో వారును పెర్కినును ఒక్కదినపు తేడాతో లండనున హక్కుపత్రములకు దరఖాస్తు పెట్టిరి. సీమ డబ్బాలలో ఎఱుపు చౌకగా దిగినపిమ్మట చిరివేరు త్రవ్వువారి బ్రతుకు చితికినది. 1897లో జర్మను కంపెనీ చేసిన నీలిమందు అంగడికి రాగా, కడప, నెల్లూరు సీమల నీలితోటలకును అదే గతి పట్టినది. ఆ నీలిమందులో మాత్రము పెర్కిన్ చేయి లేదు. ఆయన 1874లోనే కర్మాగారమును విక్రయించి పరిశోధనకు మరలెను.

కావున పెద్దలు చెప్పిన నష్టము నిజమే. అయినను మనము మఱియొకటి యోచింపవలెను. చిరివేరునకు పటిక తోడుగావలెనని కనుగొన్న మన పూర్వులును రసాయనజ్ఞులే గదా! పెర్కిన్ చూచినది వ్రాసిపెట్టెను. మనవారి విద్య చేతులలోను నోటిమాటలలోను నిలిచెను. చేతులకు పని పోయిన వెనుక మాటలైనను మిగులవలసినది. ఆ మాటలును పోవుచున్నవి. తరతరములుగా ఈ సీమలో స్థిరపడిన మన యిండ్లలో నేడు ఎందఱు పిల్లలకు చిరివేరు, మంజిష్ఠ, పటిక, చిలప, అద్దకము అను మాటలు తెలియును? బడిలో వారికి ఆ వస్తువులకు అరవపు పేరో, ఆంగ్లపు పేరో దొరకును. అది మంచిదే. తెలుగు పేరు మాత్రము మన యింట దొరకకున్న మఱెచ్చటను దొరకదు. రంగును పరదేశపు డబ్బా అపహరించినది. మాటను పోగొట్టుకొన్నచో ఆ తప్పు మనదే.

అందువలన మా మనవి యిది. పెర్కిన్ పటమును తగిలింతము. పాడైపోయిన ప్రయోగమును పారవేయక పరికించిన బాలుని మన పిల్లలు చూడవలెను. దాని క్రింద ఆయన పేరును, చేసిన పనిని తెలుగున వ్రాయింతము. ప్రక్కనే అంతటి చట్రముననే మన రంగుల పేర్లను, వాని దినుసులను వ్రాసి తగిలింతము. ప్రతి యింటి అవ్వను, తాతను అడిగి తెలిసిన మాటలను వచ్చు సమావేశమునకు తెండు. పెట్టె అడుగున పాతచీర చెఱగొకటి యున్న దానినిగూడ తెండు.

ప్రశ్న యడిగిన పెద్దలే మొదటి మాట వ్రాయింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.