గోదాకూ కాలేజీకీ నడుమ గోడ ఎందుకు?

(ఛత్రినాకలో విద్యార్థులు, ఉద్యోగులు, తాలీంఖానా పెద్దలు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

ముందుగాల ఒక మాట అడుగుతం. తాలీం అంటే ఏంది? ఉర్దూ తెలిసినోళ్లు ఇక్కడ చానామంది ఉన్నరు. తాలీం అంటే చదువు, శిక్షణ. తాలీంఖానా అంటే చదువు చెప్పే జాగ. కుస్తీ పట్టే ఇంటికి మన పెద్దలు పెట్టుకున్న పేరు అది. అంటే వాళ్ల లెక్కన మట్టిల నేర్చేది కూడ చదువే. మరి ఇయ్యాల పొద్దుగాల అయిదు గంటలకు గోదాల దిగిన పోరడు పది గంటలకు కాలేజీకి పోతే ఆ చదువు వేరు, ఈ చదువు వేరు అంటున్నరు. ఒక చదువుకు హాజరు పట్టీ ఉన్నది, ఇంకో చదువుకు లేదు. మేము మాట్లాడేది ఈ ఒక్క ముచ్చటే.

మేము అంటే ఎవరం? ఛత్రినాక, గౌలిపుర, లాల్‌దర్వాజ, ఉప్పుగూడ గల్లీలల్ల పెరిగినోళ్లం. కొందరం సర్కారు కొలువులల్ల ఉన్నం, కొందరం కాలేజీలల్ల పాఠాలు చెప్తున్నం. మాల సగం మందిని చెవులు చూసి గుర్తు పట్టొచ్చు, గోదాల నలిగి నలిగి గట్టిపడ్డ చెవులు. పెండ్లిచూపులప్పుడు ఈ చెవులతోని ఎంత తిప్పలైందో చెప్పాలంటే ఇంకో సభ పెట్టాలె.

మాల ఒకాయన సంగతి చెప్తం. డిగ్రీ రెండో సంవత్సరంల ఉన్నప్పుడు యూనివర్సిటీ సెలక్షన్లకు పోదామనుకున్నడు. దానికి కాలేజీ నుంచి ఎంట్రీ ఫారం కావాలె, దాని మీద ప్రిన్సిపల్ సంతకం, ముద్ర ఉండాలె. ఆ కాలేజీ పేరు మేము చెప్పం, చెప్పి లాభం లేదు. "మా దగ్గర కుస్తీ లేదు బాబూ, క్రికెట్ ఉంది, కబడ్డీ ఉంది, అందులో పేరు రాయించుకో" అన్నరు. మూడు రోజులు తిరిగితే సంతకం దొరికింది, గడువు అయిపోయిన తెల్లారి. మరుసటి యేడు ఫారం టైముకు అందింది, పోయిండు. మూడేండ్లు మట్టిల ఎవరి చేతులల్ల చిత్ కానోడు మ్యాట్ మీద మొదటి కుస్తీలనే ఓడి వచ్చిండు. ఎందుకు? మట్టిల వీపు నేలకు తగిలేదాక ఆట. ధోబీపాట్‌కు, కలాజంగ్‌కు సందు దొరికేదాక ఓపిక పట్టాలె. మ్యాట్ మీద గట్ల కాదు. గీత దాటితే ఎదుటోనికి పాయింటు. కింద పడేసి ఎన్కకు పోతే పాయింట్లు. ఈయన చిత్ చేసే సందు కోసం చూస్తుండంగనే ఆ పిలగాడు పాయింట్లు కూడబెట్టుకుని కూసున్నడు. కాళ్లకు అరువు తెచ్చుకున్న బూట్లు, ఒక సైజు పెద్దవి. ఆయన బలం తక్కువై ఓడలే. మ్యాట్‌ను అంతకుముందు ఒక్క దినం కూడ చూడకపాయె.

ఈ శహర్‌కు కుస్తీ కొత్తదేం కాదు. దేశంల పహిల్వాన్లు అందరు మొక్కే హింద్ కేసరి పోటీ మొట్టమొదలు జరిగింది 1958ల, మన హైదరాబాద్‌ల, గోషామహల్ కాడ. అటు బార్కస్‌ల నిజాం ఫౌజుల పని చేసిన అరబ్బుల వారసులు, ఇటు పాడి పశువులున్న ఇండ్ల పిల్లలు. ఉస్తాద్ ఒక మతం, శాగిర్దు ఒక మతం. గోదాల దిగినంక ఇద్దరి ఒంటికి అంటేది ఒకటే ఎర్రమట్టి. పాతబస్తీ గురించి పేపర్లల్ల ఎన్నడన్న మంచి మాట రాయాలనుకునేటోళ్లకు ఇది దొరకదెందుకో మాకు సమజ్ కాదు.

ఇప్పుడు పహిల్వాన్ అంటే ఏం యాదికొస్తున్నది? భూముల పంచాయితీ, సెటిల్‌మెంటు, ఎలక్షన్ల ఊరేగింపుల ముందట నడిచే దండు, పబ్బు తలుపు కాడ బౌన్సర్. ఇది పేపరోళ్లు పుట్టించిందని తప్పించుకునుడు సులువు. మేము గట్ల తప్పించుకోం. పదేండ్లు దండీలు, బస్కీలు తీసి పెంచిన ఒళ్లే తప్ప చేతిల కాయితం లేని ఇరవై అయిదేండ్ల పిలగానికి ఆ ఒంటికి ధర కట్టేటోడు ఎవడు ముందుగాల వస్తే వాని ఎన్క పోతడు. దంగల్‌ల గెలిచిన గద ఇంట్ల గోడకు యాలాడుతది. దాన్ని తీసుకపోయి ఏ కొలువు దరఖాస్తుకు జత చేస్తడు?

ఉద్యోగ మిత్రులకు ఇది బాగ తెలుసు. సర్కారు కొలువులల్ల క్రీడాకారులకు రెండు శాతం కోటా ఉన్నది. ఆ కోటాకు లెక్కకొచ్చే పత్రాలు వేరే ఉంటయి. దేశం తరఫున ఆడితే ఒక ఫారం, రాష్ట్రం తరఫున ఆడితే ఒక ఫారం, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల ఆడితే ఫారం-3. మన బస్తీ పిలగానికి అన్నిటికంటే దగ్గర దారి ఈ ఫారం-3. ఆ దారి కాలేజీ గేటు కాన్నుంచే మొదలైతది. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినోళ్లం మనం. నియామకం అనేది ఒక్కోసారి ఒక ఎంట్రీ ఫారం మీద సంతకం కాడ ఆగిపోతది.

ఇగ లెక్క చూద్దాం. కుస్తీల మూడు తీర్లు ఉన్నయి. మగవాళ్లకు ఫ్రీస్టైల్, గ్రీకో రోమన్, ఆడవాళ్లకు ఫ్రీస్టైల్. ఒక్కో తీరుల పది బరువులు. అంటే ఒక యూనివర్సిటీ నిండు జట్టు పంపితే 30 మంది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన, ఈ ఆరే లెక్క కట్టినా 180 మంది. ఇంకా వేరే యూనివర్సిటీలు ఉన్నయి, వాటిని పక్కకు పెడుతున్నం. ఈ 180 జాగలల్ల యేడాదికి ఎన్ని నిండుతున్నయి? కుస్తీ జట్టు ఉన్న కాలేజీలను వేళ్ల మీద లెక్కపెట్టే రాష్ట్రంల ఇవి నిండుతయా? క్రికెట్ జట్టుల చోటు కోసం ఒక్కో కాలేజీల వంద మంది కొట్లాడుతరు. ఇక్కడ కుర్చీలు ఖాళీ, కూసునేటోళ్లు గల్లీల ఉన్నరు.

కొందరు అంటరు, మనోళ్లు బక్కగుంటరు, ఉత్తరాదోళ్ల లెక్క పాలు, నెయ్యి తాగిన ఒళ్లు కాదు, కుస్తీ మనతోని కాదు అని. ఒలింపిక్స్‌ల కుస్తీల దేశానికి ఇప్పటిదాక ఎనిమిది పతకాలు వచ్చినయి. దాంట్ల మూడు 57 కిలోల బరువుల వచ్చినవే. 1952ల ఖాశాబా జాదవ్, టోక్యోల రవి దహియా, 2024 పారిస్‌ల అమన్ సెహ్రావత్. ఈ సభల 57 కిలోల పోరగాళ్లు ఎంతమంది ఉన్నరు? చేతులెత్తున్రి. సూశిన్రా! బక్కోనికి బక్కోనితోనే పోటీ.

ఆ ఖాశాబా జాదవ్ కథ ప్రతి ప్రిన్సిపల్ చదవాలె. కొల్హాపూర్ రాజారాం కాలేజీల చదువుకున్నడు. మట్టిల పెరిగినోడు, 1948 లండన్ ఒలింపిక్స్‌కు పోయి అక్కడ మొదటిసారి మ్యాట్ మీద పట్టిండు. మా దోస్తు లెక్కనే అన్నట్టు. అయినా ఆరో స్థానం తెచ్చిండు. 1952ల హెల్సింకికి పోవాలంటే పైసలు లేవు. ఊర్లు తిరిగి చందాలు అడిగిన్రు, సాలలే. అప్పుడు ఆయన చదువుకున్న కాలేజీ ప్రిన్సిపల్ ఖర్డేకర్ తన సొంత ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చిండు. ఆ పైసలతోని పోయి కాంస్యం తెచ్చిండు. స్వతంత్ర భారతానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ పతకం అది. మన ప్రిన్సిపల్ సార్లను ఇల్లు తాకట్టు పెట్టమని మేము అడుగుతలేం. ఫారం మీద సంతకం పెట్టమంటున్నం, గడువు లోపల.

హర్యానా సంగతి కూడ మనం తెలుసుకోవాలె. అది 1966 నవంబర్ 1న పంజాబ్ నుంచి విడిపడి వచ్చిన రాష్ట్రం. ఆ ఎనిమిది పతకాలల్ల అయిదు హర్యానా బిడ్డలవి. 2012ల యోగేశ్వర్ దత్, 2016ల సాక్షి మలిక్, టోక్యోల రవి దహియా, బజరంగ్ పునియా, పారిస్‌ల అమన్. రాష్ట్రం రాంగనే పతకాలు రాలలే, మొదటిదానికి 46 ఏండ్లు పట్టింది. ఊర్లల్ల అఖాడాలు ఉండె. వాటి మీదికి సర్కారు మ్యాట్లు, కోచ్‌లు, గెలిచినోనికి నగదు, కొలువు తీసుకొచ్చింది. ఉన్నదాన్ని తీసి పారేయలే, దాని మీదనే కట్టింది. మనకు 2014 నుంచి పదేండ్లు దాటినయి. ఇంకా 46 కాలేదు కదా అని కూసుంటరేమో అని మా భయం.

కాలేజీ కుస్తీ అంటే చిన్నచూపు చూసేటోళ్లకు ఇంకొకటి చెప్తం. అమెరికాల ఐయోవా అని మొక్కజొన్న పండే రాష్ట్రం ఒకటున్నది. అక్కడ యూనివర్సిటీ కుస్తీ చూడటానికి 15 వేల సీట్ల హాలు నిండుతది. 1972 మ్యూనిక్‌ల ఒక్క పాయింటు ఇయ్యకుండ స్వర్ణం గెలిచిన డాన్ గేబుల్ అక్కడ కోచ్‌గ ఉండి 15 జాతీయ టైటిళ్లు గెలిపించిండు. అక్కడి పిల్లగాండ్లు కూడ పాలు పితికి, పొలం పని చేసి వచ్చినోళ్లే.

ఆడపిల్లల మాట దాటేస్తే ఈ ప్రసంగం సగమే. మన తాలీంఖానాలల్ల ఆడపిల్ల అడుగు పెట్టొద్దనే కట్టుబాటు ఇంకా ఉన్నది. మా ఇండ్లల్ల కూడ ఉండె, ఒప్పుకుంటున్నం. ఆడవాళ్ల కుస్తీ 2004 ఏథెన్స్ నుంచే ఒలింపిక్స్‌ల ఉన్నది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022ల, 2023ల ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయ్యింది, 2024ల డీఎస్పీ కొలువు అందుకున్నది. బాక్సింగ్‌ల అయింది కుస్తీల ఎందుకు కాదు? ఉస్తాద్‌లు గోదాల వద్దంటే మేము గొడవ పెట్టుకోం, కాలేజీ హాలుల మ్యాట్ వేస్తే ఆ మ్యాట్ మీద ఆడపిల్ల దిగుతది. కని ఒక షరతు. 2023ల ఢిల్లీ జంతర్ మంతర్ కాడ సాక్షి, వినేశ్, బజరంగ్ ఎందుకు కూసున్నరో అందరం చూసినం. జాతీయ సమాఖ్య అధ్యక్షుని మీదనే లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చినయి. అందుకే ఆడపిల్లలకు ఆడ కోచ్ ఉండాలె, కాలేజీ ఫిర్యాదుల కమిటీ పేర్లు ఆ హాలు గోడ మీద రాసి ఉండాలె. ఇది మొదటి దినం నుంచే కావాలె. ఏదన్న అయినంక కాదు.

ఏం చేయాలంటరా? పెద్ద స్టేడియం అడుగుతలేం. పోటీ మ్యాట్ 12 మీటర్ల పొడుగు, 12 మీటర్ల వెడల్పు, నడుమ 9 మీటర్ల వృత్తం. పై కప్పున్న ఒక హాలు ఉంటే చాలు. ఒక్కో కాలేజీ కొనాలంటే బరువు. మరి పాతబస్తీ కాలేజీలు నాలుగైదు కలిసి ఒకటి కొంటే ఏమైతది? పొద్దుగాల మట్టిల, సాయంత్రం మ్యాట్ మీద. ఉస్తాద్‌ల దగ్గర పాటియాలా డిప్లొమా లేదు కాబట్టి కోచ్‌గ తీసుకోం అంటరు. డిప్లొమా ఉన్న కోచ్‌ను వారానికి రెండు దినాలు పిలువున్రి, ఉస్తాద్‌ను గౌరవ వేతనం మీద రోజూ పెట్టుకోన్రి. ఒకరు పాయింట్లు నేర్పుతరు, ఒకరు పట్టు నేర్పుతరు. ఉస్తాద్‌లకు కూడ ఒక మనవి. బరువు తగ్గించుడు అంటే రాత్రంత నీళ్లు బంద్ పెట్టుడు కాదు. పారిస్‌ల వినేశ్ ఫైనల్ దాక వచ్చి, 50 కిలోలకు 100 గ్రాములు ఎక్కువ తూగి పోటీల నుంచే పోయింది. అంత పెద్ద బలగం వెంట ఉన్న ఆమెకే గట్లయితే మన పిల్లలకు డాక్టర్ సలహా ఎంత అవసరమో చూడున్రి.

తాలీంఖానా పెద్దలారా, మీ దగ్గరికొచ్చే పిల్లల పేర్ల ఎదురుంగ వాళ్లు చదివే కాలేజీ పేరు, బరువు రాసి పెట్టున్రి. ఆ పట్టీ చేతిల పట్టుకుని మేము కాలేజీలకు పోతం. కుస్తీ లేదు అన్నోళ్లకు ఇగో ఉన్నది అని చూపెడుతం.

ఇంకొకటి విద్యార్థుల పని. సమాచార హక్కు చట్టం 2005 కింద ఆరు యూనివర్సిటీలకు ఆరు దరఖాస్తులు తయారు చేసినం. గడిచిన అయిదేండ్లల్ల అంతర్ విశ్వవిద్యాలయ కుస్తీ పోటీలకు ఏ బరువుల ఎవరిని పంపిన్రు, ఎన్ని బరువులు ఖాళీ పెట్టిన్రు, ఏ ఏ కాలేజీల నుంచి ఎంట్రీలు వచ్చినయి, ఈ మూడే అడిగినం. 30 దినాలల్ల జవాబు ఇయ్యాలె. కాయితాలు అగో ఆ బల్ల మీద ఉన్నయి. ఒక్కో దానికి పది రూపాయల ఫీజు. దరఖాస్తు ఒక మనిషి పేరు మీద పోవాలె, అందుకని ఆరుగురు ముందుకు రావాలె. రేపు పొద్దుగాల పోస్టాఫీసు తెరవంగనే రిజిస్టర్ చేస్తం. పోయేటప్పుడు తమ్ముళ్లు బరువు కూడ చూసుకోన్రి, కాంటా తలుపు కాడ పెట్టినం.