చిన్న బండికి పెద్ద స్ప్రింగు

ఈ పూట మీతో స్కూటరు గురించి మాట్లాడదామని వచ్చాను. షోరూములో మెరుస్తున్న కొత్త స్కూటరు గురించి కాదు. నాలుగైదేళ్లు తిరిగి, లాగుడు తగ్గిపోయి, గుంతలో పడితే వెనక ధడేలుమని తగిలే పాత స్కూటరు గురించి. అలాంటి బండికి బజారులో దొరికే క్లచ్చు స్ప్రింగులు, షాకబ్జార్లు వేయించుకోవచ్చునా, వేయిస్తే ఏమవుతుంది అన్నది ఈ పూట సంగతి.

నేను చిత్తూరు వైపు ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు పిల్లలకు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. మా అక్కను తమిళనాట కోవిల్‌పట్టి దగ్గర ఒక పల్లెకు ఇచ్చాము. అంత దూరం ఎందుకిచ్చారని మీరు అడగవచ్చు. అక్కడా ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. పెద్ద తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఆ పక్కనున్న ఇడైసెవల్ ఊరివారే, ఇంటి భాష తెలుగే. ఆయనకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 2021లో కాలం చేశారు. అదంతా నల్లరేగడి నేల. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు బంకలా పట్టుకుంటుంది. పల్లె దారులు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

మా అక్క కొడుకు కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి కొని, సాత్తూరు, విరుదునగరం అంగళ్లకు వేసి వస్తుంటాడు. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోను సుమారు 50 కిలోమీటర్లు, రాను 50. బండి 110 సీసీ, గేర్లు లేనిది. కాళ్ల దగ్గర ఒక అట్టపెట్టె, వెనక సీటు మీద రెండు. ఒక్కొక్కటి 25 కిలోలు తూగుతుంది. వాడు ఇంకో 65. మీటరు 41 వేలు దాటింది. వంతెన ఎక్కేటప్పుడు లాగడం లేదు, గుంతలో వెనక అడుగు తగులుతోంది.

వాడు ఒక షెడ్డుకు పోయాడు. ఏ ఊరి షెడ్డన్నది ఇక్కడ అక్కర్లేదు. అక్కడ రెండు మందులు చెప్పారు. క్లచ్చుకు గట్టి స్ప్రింగులు వేస్తే గుర్రంలా లాగుతుంది, వెనక ఎర్ర స్ప్రింగున్న గ్యాస్ షాకు వేస్తే ఎంత బరువైనా దిగదు అని. వాడు రెండూ వేయించుకున్నాడు. ఫోనులో నాతో, ‘మామా, వండి ఇప్పుడు ఏనుగును పెట్టినా మోస్తుంది’ అన్నాడు. అక్కడ బండిని వండి అంటారు.

మూడు వారాలకు మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి మాట్లాడింది మా అక్క. ఉదయం సన్నగా తుంపర పడుతుంటే వాడు ఎనిమిదేళ్ల కూతుర్ని బడికి దింపడానికి పోయాడట. స్పీడుబ్రేకరు దగ్గర వెనక చక్రం ఎగిరిందట, వాడు బ్రేకు తొక్కాడో పట్టాడో, బండి తోక పక్కకు జారిందట. వాడి మోకాలు గీసుకుపోయింది. పాప ముంజేతి ఎముక బీటలు వారింది. నేను ఆ రాత్రే బస్సెక్కాను.

పాప చేతికి కట్టు వేసుకుని అరుగు మీద కూర్చుని, బడికి పోనక్కర్లేదని సంతోషంగా ఉంది. వాళ్ల నాన్న మాత్రం నా మొహం చూడలేదు. మధ్యాహ్నం చింతచెట్టు కింద గోనెపట్ట పరిచి బండి విప్పాము.

ముందు షాకు సంగతి చెబుతాను. పాత దాన్ని పక్కన పెట్టి, పైన బోల్టు పట్టే కన్ను నుంచి కింది కన్ను వరకు టేపుతో కొలిచాము. కొత్తది దాదాపు అంగుళం పొడవు. అంగుళమేగా అనుకుంటాము. కానీ వెనక అంగుళం లేస్తే ముందు ఫోర్కు నిలువుకు తిరుగుతుంది, హ్యాండిలు చురుకెక్కి చేతిలో నిలవదు, హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద దగ్గరగా పడుతుంది. అంతకంటే పెద్ద తప్పు స్ప్రింగుది. అది మూడు పెట్టెల బరువుకు తగినది. తండ్రీ కూతురూ ఇద్దరే కూర్చుంటే అది అణగనే అణగదు. అణగని స్ప్రింగు చక్రాన్ని రోడ్డుకు అదిమి ఉంచలేదు. ఎగిరిన చక్రానికి బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది గాని బండి ఆగదు. తడి రోడ్డయితే చెప్పనే అక్కర్లేదు. బరువు మోయడం వేరు, చక్రాన్ని నేలకు అంటిపెట్టుకోవడం వేరు. షాకబ్జారు అనేదాని అసలు పని రెండవది.

ఇక క్లచ్చు. ఎడమ పక్క మూత తీయగానే మాడిన వాసన వచ్చింది. క్లచ్చు చుట్టూ ఉండే గిన్నెలాంటి ఇనుప డ్రమ్ము నీలం రంగు తిరిగింది. షూలు అద్దంలా మెరుస్తున్నాయి. మీ బండి కదిలేటప్పుడు గడగడమని వణికితే లోపల ఇలాగే ఉండవచ్చు.

ఇది ఎందుకైందో కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే చాలామంది మెకానిక్కులు కూడా దీన్ని తలకిందులుగా అనుకుంటారు. జొన్నచేలో పిట్టలను తోలడానికి వడిసెల తిప్పుతాము కదా. ఎంత వేగంగా తిప్పితే రాయి అంత బలంగా బయటికి లాగుతుంది. గేర్లు లేని బండి క్లచ్చులో షూలు ఆ రాళ్ల వంటివి. ఇంజను వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, చక్రం తిరుగుతుంది. వాటిని లోపలికి లాగి ఉంచేవే ఆ మూడు చిన్న స్ప్రింగులు. అవి గట్టివైతే షూలు ఆలస్యంగా విచ్చుకుంటాయి. అప్పటికి ఇంజను గట్టిగా తిరుగుతూ ఉంటుంది, పట్టు దొరికిన క్షణాన బండి ఒక్క దూకు దూకుతుంది. మా వాడు దాన్ని బలం అనుకున్నాడు. కానీ అదే వేగం దగ్గర చూస్తే డ్రమ్మును నొక్కే బలం మునుపటి కంటే తక్కువ, ఎందుకంటే అందులో కొంత స్ప్రింగు వెనక్కి లాక్కుంటోంది. బజారులో నెమ్మదిగా పోతున్నప్పుడు, బరువుతో వంతెన ఎక్కుతున్నప్పుడు షూలు పట్టీ పట్టకుండా జారుతూ రాపిడికి కాలుతాయి. పెట్రోలు కూడా అక్కడే పోతుంది. వాడు తక్కువ బరువుతో పందెంలో దూకించే బండికి వేసే సామానును, బరువు మోసే బండికి వేయించుకున్నాడు.

మరి మొదట లాగుడు ఎందుకు తగ్గిందంటారా? బెల్టు వల్ల. 41 వేల కిలోమీటర్లలో వాడు ఒక్కసారీ బెల్టు మార్చలేదు. దాన్ని కొత్త బెల్టు పక్కన పెట్టి వెర్నియరుతో కొలిస్తే వెడల్పు మిల్లీమీటరుకు పైగా తగ్గింది. ముందూ వెనకా రెండు గిలకలు ఉంటాయి, వాటి మీద ఈ బెల్టు తిరుగుతుంది. బండి కదిలేటప్పుడు వెనక గిలకలో బెల్టు అంచు మీద ఉండాలి, అప్పుడే లాగుడు. సన్నబడిన బెల్టు లోపలికి జారిపోతుంది. అది మొదటి గేరు లేకుండా రెండో గేరులో బండి కదిలించినట్టు. ముందు గిలకలోని ఆరు రోలర్లు కూడా ఒక పక్క బల్లపరుపుగా అరిగాయి. అసలు జబ్బు అక్కడుండగా మందు క్లచ్చుకు పడింది. నా సర్వీసులో చూసినంతలో, లాగడం లేదని వచ్చే గేర్లు లేని బళ్లలో ముందు కొలవవలసింది బెల్టునే.

అంటే బయటి సామాను వద్దనడం నా ఉద్దేశం కాదు. కంపెనీ సామాను ధర అందరికీ అందదు, పల్లెలో దొరకదు కూడా. మంచి పేరున్న బయటి బెల్టులు, షూలు నేనూ వేశాను. కానీ పాత భాగం చేతిలో పట్టుకుని అంగడికి పొండి. పొడవు, వెడల్పు, కన్ను లావు, రబ్బరు బుష్షు అన్నీ అక్కడే సరిచూసుకోండి. షూలు మూడూ, రోలర్లు ఆరూ ఒక్కసారే మార్చండి. నీలం తిరిగిన డ్రమ్మును అలాగే ఉంచి కొత్త షూలు వేస్తే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే. షూల మీద నూనె తడి కనిపిస్తే ఆయిల్ సీలు కారుతోందని అర్థం, ముందు దాన్ని మార్చండి.

బిగించేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. వెనక గిలకలో పెద్ద స్ప్రింగు అణిగి ఉంటుంది. పట్టుకునే పనిముట్టు లేకుండా నట్టు విప్పితే అది మొహం మీదికి ఎగురుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. రెండవది, కొత్త బెల్టును వెనక గిలకలోకి లోతుగా నొక్కి, ముందు వదులు చేసుకుని అప్పుడు ముందు నట్టు బిగించాలి. అలా చేయకపోతే బెల్టు గిలక పళ్లాల మధ్య నలిగి, నట్టు బిగిసినట్టే కనిపిస్తుంది. పది కిలోమీటర్లకు వదులై క్రాంకు గాడులను తినేస్తుంది. అప్పుడు ఇంజనే విప్పాలి. మీ మెకానిక్కు ఈ పని చేస్తుంటే పక్కన నిలబడి చూడండి, ఏమీ అనుకోడు.

చట్టం మాట కూడా ఒకటుంది. అరిగినదాని చోట అదే కొలతది వేయడం తప్పు కాదు. బండి నిర్మాణాన్నే మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

మేము పాత కొలత షాకే కొత్తది తెచ్చి వేశాము. క్లచ్చుకు మామూలు స్ప్రింగులు, కొత్త డ్రమ్ము, షూలు, బెల్టు, రోలర్లు. టైరు గాలి చూస్తే ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు. కొన్ని బళ్లకు వెనక టైరులో ఒక్కరికి 29, ఇద్దరికి 36 అని చీటీ అంటించి ఉంటుంది. మీ బండి చీటీ ఒకసారి చదవండి.

కానీ ఆ 75 కిలోలు? వాటి సంగతి తేలనిదే ఏ షాకూ నిలవదు. ‘రెండు నడకలు వేయరా’ అన్నాను. ‘పెట్రోలు ఎవరిస్తారు మామా’ అన్నాడు. వాడి మాటలోనూ న్యాయముంది. ఆ సాయంత్రం అరుగు మీద లెక్క వేశాము. విరగ్గొట్టుకున్న సామాను, ఆసుపత్రి ఖర్చు, పోయిన పెట్రోలు అన్నీ కలిపితే ఒక పాత టీవీఎస్ మోపెడు సగం ధర వచ్చింది. 1980లో టీవీఎస్ 50 వచ్చినప్పటి నుంచి ఆ సీమలో పాలక్యాన్లు, నీళ్ల బిందెలు, మేకపిల్లలు దాని మీదనే పోతున్నాయి. దానికీ ఒక హద్దుంది. కానీ కాళ్ల దగ్గర చోటు, వెనక ఇనుప చట్రం ఉండి, సరుకుకు అనువైన బండి అది. మిగతా సగం మా అక్క దాచుకున్న చీటీ డబ్బు పెట్టింది.

మొగిలి ఘాటు ఎక్కి దిగే పలమనేరు వాళ్లు, మామిడికాయల కాలంలో స్కూటరు మీద బుట్టలు కట్టేవాళ్లు మీలో ఉన్నారని నాకు తెలుసు. రేపు బండి తీసేముందు ఇది చేయండి. ఖాళీ బండిని చక్రాల మీద నిలబెట్టి, వెనక ఇరుసు నట్టు నుంచి సీటు అంచు వరకు టేపుతో కొలవండి. తరువాత రోజూ ఎక్కించే బరువు ఎక్కించి, మీరూ కూర్చుని, ఇంకొకరి చేత కొలిపించండి. బండి దిగిపోయి, కాస్త ఊపినా లోపలి రబ్బరుకు తగులుతూ ఉంటే ముందు బరువు తగ్గించాలి. ఏ స్ప్రింగు కొనాలన్నది ఆ తరువాతి మాట.

మా మనవరాలి కట్టు ఆరు వారాలకు విప్పారు. ఆ ఎర్ర స్ప్రింగు షాకును వాళ్ల నాన్న అమ్మబోతే నేను వద్దని తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటున్నాము.